పెరట్లో స్విమ్మింగ్ పూల్: నీళ్ల కన్నా ముందు గట్టు సంగతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శంకర్‌పల్లి వైపు 500 గజాల స్థలం, తూర్పు ముఖం. ఇల్లు స్లాబు దాకా వచ్చింది. వెనక పడమర వైపు 50 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతున ఖాళీ ఉంది. అందులో 32 బై 16 పూల్, లోతు మూడు నుంచి ఆరడుగులు, పక్కన కూర్చోవడానికి, వండుకోవడానికి చోటు కావాలి, డాలస్‌లో మీ తమ్ముడి ఇంట్లో ఉన్నట్టు. ఇంట్లో అమ్మానాన్నలు, 9 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు ఉన్నారు. ఉన్నది ఒకటే బోరు. కాంట్రాక్టర్ కొటేషన్ ఇచ్చాడు, ఇందులో ఏం మిస్సయిందో చెప్పమన్నారు.

నేను సివిల్ ఇంజనీర్‌ని. 18 ఏళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల, కొన్ని విజయవాడ, భీమవరం వైపు పూల్స్ కట్టిస్తున్నాను. బాగా వచ్చినవాటితో పాటు చెడినవీ ఉన్నాయి. కింద చెప్పేవాటిలో సగం ఆ చెడినవాటి దగ్గర నేర్చుకున్నవే.

కొటేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కిలో ముగ్గుపిండి తీసుకెళ్లి ఆ ఖాళీ జాగాలో మీ 32 బై 16 గీయండి. గోడల మందంతో కలిపి 33 అడుగుల పైన, 17 అడుగుల పైన వస్తుంది. 30 అడుగుల లోతులో 17 పోతే మిగిలేది 13. అంటే ఇంటివైపు ఆరున్నర, కాంపౌండ్ వైపు ఆరున్నర. ఇప్పుడు ఇంటివైపు ఆ ఆరున్నర అడుగుల్లో నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ వేసి, వెనకనుంచి ఒక మనిషి నడిచి వెళ్లగలడేమో చూడండి. పట్టదు. మీరు కట్టబోయేది నీళ్ల తొట్టి, దాని చుట్టూ ఒక సందు.

దాదాపు ప్రతి ఇంట్లో నేను చూసింది ఇదే. పూల్‌లో దిగేది వారానికి రెండు మూడు రోజులు, దిగినప్పుడు ఒక గంట. గట్టు మీద కూర్చునేది మాత్రం రోజూ. మీ అమ్మగారు ఎప్పటికీ ఈత కొట్టకపోవచ్చు, కానీ సాయంత్రం అక్కడే కూర్చుంటారు. అందుకే గట్టు ముందు డిజైన్ చేసి, మిగిలినచోట పూల్ పెట్టాలి. మీరు, మీ కాంట్రాక్టర్ తిరగేసి చేస్తున్నారు.

నా సలహా 24 బై 12. లోతు 3.5 నుంచి 4.5 అడుగులు, అంతకు మించొద్దు. మీరనుకున్న పూల్‌లో నీళ్లు 65 వేల లీటర్లు. నేను చెప్పినదాంట్లో 32 వేల చిల్లర. సరిగ్గా సగం. నలుగురు దిగి ఆడుకోవడానికి ఇది చాలు. పొడుగ్గా ఈత కొట్టాలంటే మీరనుకున్న 32 అడుగులు కూడా చాలదు, నాలుగు బారలు వేయగానే గోడ తగులుతుంది. ఆరడుగుల లోతు ఎవరికోసం? దూకడానికైతే ఆరడుగుల్లో తలకిందులుగా దూకడం మెడ విరగ్గొట్టుకోవడమే. దూకకపోతే ఆ లోతుతో పనే లేదు.

పూల్ పొడుగు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. ఇంటి గోడ నుంచి పది అడుగులు వదిలి పూల్, దాని తర్వాత కాంపౌండ్ దాకా ఆరున్నర. ఉత్తరం కొసన 12 అడుగులు బాత్రూమ్, వంట, మోటార్ గదికి. దక్షిణం కొసన మిగిలే 12 అడుగులు ఖాళీగా వదిలేయండి, చెట్లు, కాస్త గడ్డి.

ఇక ఎండ. ఇక్కడే డాలస్ ఫోటోలు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి. మీ పెరడు పడమర. పొద్దున ఇంటి నీడ పెరటి మీద పడుతుంది, పదకొండు దాకా హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఇంటి నీడ రోడ్డువైపు వెళ్లిపోతుంది, పెరట్లో ఎండ నిలువునా దిగుతుంది. మే నెలలో సాయంత్రం ఐదింటికి సూర్యుడు బాగా కిందికి వచ్చేస్తాడు. అప్పుడు ఇంటికి ఆనుకుని పది అడుగుల వసారా వేసినా ఎండ కప్పు కిందనుంచి దూరి నేరుగా గోడను తాకుతుంది. పెర్గోలా, అంటే పట్టీల పందిరి, వేస్తే సరిపోతుందని కొటేషన్‌లో రాశారు. కప్పు పైనుంచి వచ్చే ఎండను ఆపుతుంది, అడ్డంగా వచ్చేదాన్ని ఆపలేదు. దానికి కావాల్సింది నిలువు అడ్డు: వెదురు తడికలు, లేదా వట్టివేళ్ల తడికలు. వసారా అంచుకి కొక్కేలు పెట్టించి పెట్టుకోండి, ఏప్రిల్, మేలలో దించుకుంటారు.

దీనికన్నా మంచి మార్గం ఒకటుంది. సాయంత్రం కూర్చునే చోటు ఇంటివైపు కాకుండా కాంపౌండ్ గోడవైపు పెట్టండి. గోడ పొడుగునా రెండడుగుల వెడల్పు అరుగు కట్టించండి, మన పాత ఇళ్ల ముందు ఉండేలాంటిదే. గోడకీ అరుగుకీ మధ్య అడుగున్నర మట్టి వదిలి చెట్లు పెట్టండి. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, గోడ నీడా చెట్ల నీడా మీ మీదుగా నీళ్ల మీదికి పాకుతుంది, మీ కళ్లు ఇంటివైపు చూస్తుంటాయి. ఆ నీడ వల్ల నీళ్లు తగ్గడం కూడా కొంత నెమ్మదిస్తుంది. పొద్దున కాఫీకి వసారా, సాయంత్రానికి అరుగు. రెండూ ఒకేచోట ఇమడ్చాలని చూడకండి. ఇంకో సంగతి: వేసవిలో సూర్యుడు కాస్త వాయవ్యం వైపు జరిగి కుంకుతాడు. కాబట్టి గోడ వెంట చెట్లు ఉత్తరపు సగంలో ఒత్తుగా ఉండాలి.

ఏ చెట్లంటే, ఆకు తక్కువ రాల్చేవి. నరమామిడి, దాన్నే చాలామంది అశోక అంటారు, గోడ పక్కన నిటారుగా పెరుగుతుంది. నందివర్ధనం, మందారం పర్వాలేదు. వేప, కానుగ నాకు ప్రాణం, కానీ పూల్ పక్కన వద్దు, ఆకురాలే కాలంలో రోజూ వల పట్టుకుని నిలబడాలి. కాగితపు పూలు ఫోటోలో ఎంత బాగుంటాయో ఫిల్టర్ బుట్టలో అంత విసిగిస్తాయి. మర్రి, రావి జాతి ఏదైనా సరే దగ్గరికి రానివ్వకండి, వేర్లు పైపుల్లోకి పోతాయి. గన్నేరు చాలా ఫామ్‌హౌస్‌లలో కంచెలా పెడుతున్నారు. దాని ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో వద్దు.

వానాకాలం మనకి గాలి నైరుతి, పడమరల నుంచి వస్తుంది. నీళ్ల మీద తేలే చెత్తంతా ఈశాన్యం మూలకి చేరుతుంది. స్కిమ్మర్, అంటే పైన తేలే చెత్తను లాక్కునే పెట్టె, పూల్‌కి ఆ మూలే ఉండాలి. మీ డ్రాయింగ్‌లో నైరుతి మూల పెట్టారు. అక్కడ పెడితే గాలి ఒకవైపు తోస్తుంది, పంపు ఇంకోవైపు లాగుతుంది. కాగితం మీద మార్చడానికి ఒక నిమిషం, కాంక్రీటు వేశాక మార్చలేరు. వంట ఉత్తరం కొసన పెట్టమన్నదీ గాలి కోసమే. దక్షిణం కొసన కట్టెల పొయ్యి వెలిగిస్తే పొగ పూల్ మీదుగా వచ్చి బెడ్రూమ్ కిటికీలో దూరుతుంది.

వంట అన్నాను కాబట్టి ఒక మాట. డాలస్‌లో చూసిన స్టీలు బార్బెక్యూ గ్రిల్‌కి పెద్ద మొత్తం పెట్టిన మూడిళ్లు నాకు తెలుసు. మూడిళ్లలోనూ ఇప్పుడు దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. మనవాళ్లు నిజంగా వాడేది ఒక పెద్ద బర్నర్, బిర్యానీ దేగ దించిపెట్టుకోవడానికి నేలకి దగ్గరగా గట్టి దిమ్మ, దోశ పెనానికి ఒక పొయ్యి, గిన్నెలు కడగడానికి లోతైన సింకు, చేతులు కడుక్కోవడానికి విడిగా ఒక కుళాయి. ప్లేట్లు పరచడానికి ఎనిమిది అడుగుల బండ. అంతే. దానికన్నా ముఖ్యం బయటినుంచే తలుపున్న బాత్రూమ్. అది లేకపోతే తడి కాళ్లతో పిల్లలు హాల్లోంచి పరుగెడతారు, టైల్స్ మీద జారి పడేది తాతగారు. మీ కొటేషన్‌లో అది లేనే లేదు.

ఇప్పుడు నేల. మీరు దీన్ని అసలు ప్రస్తావించలేదు, నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే.

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చాలాచోట్ల పైన నల్లరేగడి, కింద మొరం, రాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. ఏడాదికోసారి గోడని నెడుతుంది, వదుల్తుంది. (డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టి కూడా ఇలాంటిదే. మీ తమ్ముడిని అడగండి, అక్కడ ఇంటి పునాదుల రిపేరు ఎంత పెద్ద వ్యాపారమో చెబుతాడు.) మీ కొటేషన్‌లో అడుగుభాగం ఆర్‌సీసీ, గోడలు తొమ్మిదంగుళాల ఇటుక అని ఉంది. ఈ మట్టిలో అది నిలవదు. రెండో వానాకాలానికి మూలల్లో నిలువు పగులు వస్తుంది. అడుగు, గోడలు అన్నీ ఆర్‌సీసీ కావాలి: 8 అంగుళాలు, రెండు వరసల కమ్మీ, ఎం30 కాంక్రీటు. నీళ్లు నిలిపే కట్టడాలకి ఐఎస్ 3370 అని విడిగా ఒక కోడ్ ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో దాని ప్రకారం డ్రాయింగ్ గీయించండి. ఇంటి డ్రాయింగ్ గీసినాయనే గీస్తాడు, పెద్ద ఖర్చు కాదు.

అడుగూ గోడా కలిసేచోట వాటర్ స్టాప్ పట్టీ పెట్టాలి. పైపులన్నీ కాంక్రీటు పోసేముందే అమర్చాలి. తర్వాత డ్రిల్లు పెట్టి దూర్చిన ప్రతి పైపూ ఏదో ఒకరోజు కారుతుంది. చుట్టూ తవ్విన సందులో తీసిన నల్లమట్టే మళ్లీ నింపుతారు, డబ్బు మిగులుతుందని. ఒప్పుకోవద్దు. మొరం తెప్పించి, తొమ్మిదంగుళాల పొరలుగా తడిపి దిమ్మెస కొట్టించండి. నేను చూసిన పూల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే లోపం లీకేజీ కాదు, ఈ పూడిక కుంగి గట్టు మీది బండలు పగలడం. వీలైతే ఒక వానాకాలం గడిచాకే గట్టు బండలు వేయండి.

అన్నిటికన్నా వింతైన ప్రమాదం ఇంకోటుంది. ఖాళీ పూల్ పడవలా తేలుతుంది.

లెక్క చూడండి. 24 బై 12 పూల్ బయటి కొలతలతో ఆక్రమించే చోటు సుమారు 49 ఘనమీటర్లు. చుట్టూ మట్టిలో నీళ్లు పైదాకా చేరితే ఆ నీళ్లు దాన్ని దాదాపు 49 టన్నుల బలంతో పైకి నెడతాయి. ఖాళీ పూల్ కాంక్రీటు బరువు 32 టన్నులు. నిండుగా ఉన్నంతకాలం లోపలి నీళ్ల బరువు కలిసి కదలదు. ఖాళీ చేస్తేనే గండం.

భీమవరంలో నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి అక్కడ అందరికీ ఈ భయం తెలుసు. హైదరాబాద్‌లో మాత్రం 'మా బోరు 800 అడుగుల్లో ఉంది, పైన నీళ్లెక్కడివి' అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఫామ్‌హౌస్‌లో రాతిని పగలగొట్టి పూల్ కట్టాం. ఆగస్టులో నీళ్లు పచ్చబడ్డాయని వాళ్లు మమ్మల్ని అడగకుండా పంపు పెట్టి మొత్తం తోడేశారు. రాత్రి పెద్ద వాన. పొద్దున్నే ఫోన్: 'సార్, పూల్ ఒకవైపు లేచింది.' వెళ్లి చూస్తే మూడంగుళాలు పైకొచ్చి ఉంది, పైపులన్నీ తెగాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తప్పు సగం నాది. రాతిలో తవ్విన గుంతకి నీళ్లు బయటికి పోయే దారుండదు. పూల్‌కీ రాతికీ మధ్య సందు ఒక తొట్టి అవుతుంది. బోరు ఎండిపోయి ఉన్నా ఆ తొట్టి నిండుతుంది. అప్పటినుంచి ప్రతి పూల్ అడుగున కంకర పొర, ఒక మూల గట్టు పైదాకా వచ్చే ఎనిమిదంగుళాల పైపు పెట్టిస్తున్నాను. మూత తీసి టార్చి వేస్తే బయట నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కనిపిస్తుంది, ఉంటే చిన్న పంపుతో తోడొచ్చు. అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వ్, అంటే బయటి నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకునేది, కూడా పెట్టొచ్చు, కానీ దాంట్లో చెత్త ఇరుక్కుంటే నమ్మలేం. పైపు మాత్రం తప్పనిసరి. వానాకాలంలో పూల్ ఖాళీ చేయొద్దని మోటార్ గది గోడ మీద పెయింటుతో రాయించండి.

తవ్వకం ఎప్పుడంటే జనవరి తర్వాత, జూన్ లోపు కాంక్రీటు పూర్తయ్యేలా. ఇంటి పక్కనుంచి పెరట్లోకి వెళ్లడానికి మిగిలిన సందు ఎంతో చెప్పలేదు. ఐదడుగులే అయితే జేసీబీ పట్టదు, మినీ ఎక్స్‌కవేటర్ కావాలి. కాంపౌండ్ గోడ ఇంకా కట్టకపోతే కట్టకుండా ఆపండి, ముందు పూల్ తవ్వించండి. కట్టేసి ఉంటే జాగ్రత్త. మనవాళ్లు కాంపౌండ్‌కి రెండు మూడడుగుల పునాదే వేస్తారు. పునాది అడుగు కన్నా గుంత ఎన్ని అడుగులు కిందికి పోతుందో, గోడకీ గుంతకీ మధ్య కనీసం అన్ని అడుగుల దూరం ఉండాలి. నేను చెప్పిన కొలతల్లో అది సరిపోతుంది, మీ 32 బై 16లో అంచుమీద ఉంటుంది. మట్టి, రాయి కలిపి పది పన్నెండు టిప్పర్లు వస్తాయి. ఎత్తిపోసే ఖర్చు ఎవరిదో కొటేషన్‌లో రాసి లేదు. అంటే మీదే.

నీళ్ల సంగతి. మొదటిసారి నింపడానికి ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. అది ఒక్కసారి కాబట్టి పెద్ద విషయం కాదు. ఏప్రిల్, మేలలో ఎండకీ గాలికీ రోజుకి సుమారు ఒక సెంటీమీటరు నీరు ఆవిరైపోతుంది. 24 బై 12కి అది రోజుకి 270 లీటర్లు, నెలకి ఎనిమిదివేలు. 32 బై 16 అయితే నెలకి 14 వేలు దాటుతుంది. సరిగ్గా మీ బోరు కూడా మొరాయించే నెలల్లో. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు తాగునీటిని పూల్స్‌కి వాడకూడదని చెప్పి ఐదువేల రూపాయల జరిమానా పెట్టింది. మన దగ్గరా అలాంటి వేసవి రాదని అనుకోలేం. పూల్ కవర్ కొనండి, వారం మధ్యలో కప్పి ఉంచండి. ఆవిరి బాగా తగ్గుతుంది. ఇంటి పైకప్పు వాన నీళ్లు ఇంకుడు గుంతకి పంపండి, ఆ గుంత బోరు దగ్గర ఉండాలి. ఇది ఎలాగూ చేయాల్సిందే.

నీళ్లు అంచు మీదుగా పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ కావాలని మీ పాప అడిగిందన్నారు. చూడ్డానికి బాగుంటుంది. దానికి పొర్లిన నీళ్లు పట్టుకోవడానికి విడిగా బ్యాలెన్సింగ్ ట్యాంకు, ఎక్కువ నీళ్లు, ఎక్కువ పంపింగ్. ఒక్క బోరున్న ఇంట్లో వద్దు.

మీ బోరు నీళ్లు కట్టడానికి ముందే టెస్ట్ చేయించండి. పీహెచ్, హార్డ్‌నెస్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), ఐరన్. హార్డ్‌నెస్ ఎక్కువుంటే నీటి అంచున టైల్స్ మీద తెల్లగా పొర కడుతుంది, నీళ్లు మసకగా ఉంటాయి. ఐరన్ ఉంటే క్లోరిన్ వేసిన గంటలో నీళ్లు పలచటి టీ రంగులోకి మారతాయి, మీరు హడలిపోతారు. అలాంటిచోట మొదటి నింపుడికి మంచి నీళ్ల ట్యాంకర్లే నయం.

రోజువారీ లెక్క సులువు. పీహెచ్ 7.2 నుంచి 7.6, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం. చిన్న టెస్ట్ కిట్‌తో మీ పాపే చూడగలదు, తొమ్మిదేళ్ల పిల్లలకి అది భలే సరదా. బిళ్లల రూపంలో వచ్చే టీసీసీఏ క్లోరిన్‌లో స్టెబిలైజర్ కూడా ఉంటుంది. ఎండకి క్లోరిన్ నశించిపోకుండా అది కాపాడుతుంది, కానీ నెలల తరబడి పేరుకుంటే క్లోరిన్ ఉన్నా పనిచేయదు. అప్పుడు కొంత నీరు మార్చడమే మందు. హార్డ్‌నెస్ ఎక్కువున్న నీళ్లకి బ్లీచింగ్ పౌడర్ జాతివి ఇంకా సున్నం కలుపుతాయి. ఒక హెచ్చరిక: టీసీసీఏ బిళ్లల్నీ, బ్లీచింగ్ జాతిదైన కాల్షియం హైపోక్లోరైట్‌నీ ఎప్పుడూ ఒకే డబ్బాలో, ఒకే గరిటెతో కలపనీయకండి. మంటలు లేస్తాయి, పేలుతుంది. వాచ్‌మన్‌కి ఇది ముందే చెప్పాలి.

ఈ సైజుకి ముప్పావు నుంచి ఒక హెచ్‌పీ పంపు, 500 మిల్లీమీటర్ల ఇసుక ఫిల్టర్ సరిపోతాయి. ఆరు గంటల్లో మొత్తం నీళ్లు ఒకసారి ఫిల్టర్ గుండా తిరగాలి. మీ కొటేషన్‌లో రెండు హెచ్‌పీ రాశారు. పెద్ద పంపు పెట్టి చిన్న ఫిల్టర్‌లోంచి తోస్తే ఇసుక చెత్తను పట్టదు, కరెంటు దండగ. ఒక హెచ్‌పీ రోజుకి ఏడెనిమిది గంటలు నడిస్తే నెలకి రెండొందల యూనిట్లు పైగా. ఇంటి వాడకానికి ఇది కలిసి మీ బిల్లు స్లాబు మారుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. మోటార్ గదిని నేలలో గుంతలా కడతారు, మొదటి వానకే మునుగుతుంది. నేల మీదే కట్టండి. బ్యాక్‌వాష్ నీళ్లు, అంటే ఫిల్టర్‌ని వెనక్కి కడిగినప్పుడు వచ్చేవి, వెంటనే మొక్కలకి పోయొద్దు. ఒక తొట్టిలో రెండు రోజులు ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది.

గట్టు బండలు. తాండూరు, షాబాద్ బండలు మనకి దగ్గర, చవక, గరుకు రకం తడిలో కూడా కాలు జారదు. ఒకటే చిక్కు, అవి సున్నపురాయి. పీహెచ్ తగ్గించడానికి వాడే యాసిడ్ చుక్క పడితే బుసబుస పొంగి మచ్చ పడుతుంది. యాసిడ్ కలిపే చోటు మోటార్ గది దగ్గరే ఉంచుకుంటే ఇబ్బంది లేదు. కడప నల్లరాయి మాత్రం వద్దు, మే నెలలో దాని మీద అట్టు వేసుకోవచ్చు. డబ్బు ఉంటే లేత రంగు గ్రానైట్, మంటతో కాల్చి గరుకు చేసిన రకం. పాలిష్ గ్రానైట్ ఎంత తక్కువకి ఇచ్చినా ఒప్పుకోకండి. వాటం పూల్ నుంచి బయటికి ఉండాలి, లేకపోతే గట్టు కడిగిన మురికంతా పూల్‌లోకే.

లోపల ఉత్తరం వైపు 12 అడుగుల వెడల్పునా మెట్లు పెట్టండి, కోనేటి మెట్లలా. మూలలో స్టీలు నిచ్చెన పెట్టి ఊరుకోవద్దు. పై మెట్టు నాలుగడుగుల వెడల్పు, దాని మీద అడుగు లోతు నీళ్లే ఉండాలి. మీ అమ్మగారు చీర కాస్త పైకి పట్టుకుని కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చునేది అక్కడే, బాబు ఆడుకునేదీ అక్కడే. నేను కట్టిన ప్రతిచోటా జనం ఎక్కువసేపు ఉండేది ఆ మెట్టు మీదే. సికింద్రాబాద్‌లో బాగుచేసిన బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర ఎప్పుడైనా కాసేపు నిలబడి చూడండి. ఎవరూ చెప్పకుండానే జనం మెట్ల మీద కూర్చుంటారు.

బాబు గురించి మాత్రం కటువుగా చెప్తాను. నాలుగేళ్ల పిల్లాడి ఎత్తు మూడడుగుల చిల్లర. 3.5 అడుగుల నీళ్లు వాడికి తలమునక. పూల్ చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకుని గడియపడే గేటు లేకుండా నేను పని మొదలుపెట్టను. నిలువు కడ్డీల మధ్య సందు నాలుగంగుళాలకి మించకూడదు, ఎక్కడానికి వీలుగా అడ్డ కడ్డీలు ఉండకూడదు. 'మేం చూసుకుంటాం' అని అందరూ అంటారు. ఫోన్ మోగినంతసేపు చాలు. ఆడుకున్న బంతులు, బొమ్మలు నీళ్లలో వదిలేయకండి, వాటికోసమే పిల్లలు వంగుతారు. కంచె ఫోటోలో బాగుండదని డిజైనర్ అంటే, బాబుకి ఈత బాగా వచ్చాక తీసేసే వల రకం పెట్టించండి.

అడుగున నీళ్లు లాగే మెయిన్ డ్రెయిన్ ఒక్కటే ఉంటే, దాని మీద పిల్లల జుట్టు, ఒళ్లు అతుక్కుపోయే ప్రమాదముంది. రెండు పెట్టి, మధ్య కనీసం మూడడుగుల దూరం ఉంచి, ఒకే పైపుకి కలపాలి. అప్పుడు ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది. మూతలు ఉబ్బెత్తు రకం. అమెరికాలో ఇలాంటి చావుల తర్వాత 2007లో పబ్లిక్ పూల్స్ డ్రెయిన్ మూతల కోసం ఏకంగా చట్టమే చేశారు. మీ కొటేషన్‌లో ఒకటే ఉంది.

లైట్లు 12 వోల్టులవే, ట్రాన్స్‌ఫార్మర్ మోటార్ గదిలో. పూల్‌కి, పంపుకి, వసారాలో ప్లగ్గులకి అన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొట్టబోతే కరెంటు ఆపేసే స్విచ్. పుట్టినరోజు పార్టీకి డీజే వాడు ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి తడి గట్టు మీద పెడతాడు. అది జరక్కుండా అరుగు దగ్గర మూతున్న ప్లగ్గు ఒకటి ముందే ఇవ్వండి. తెల్ల ఫ్లడ్ లైట్లు వద్దు. వాటికి పురుగులు, పురుగులకి కప్పలు, కప్పలకి పాములు. మీ వైపు ఇంకా పొలాలున్నాయి కదా. పసుప్పచ్చ లైట్లు, మోకాలి ఎత్తులో, కిందికి చూసేవి చాలు. కోతులు వస్తాయి, దాచేదేం లేదు. ఎండాకాలం దిగి ఈత కూడా కొడతాయి. స్కిమ్మర్ మూతలకి స్క్రూ వేయించండి.

వాస్తు మీద నా అభిప్రాయం మీకు అనవసరం, మీ నాన్నగారి అభిప్రాయం అవసరం. నీళ్లు ఈశాన్యంలో ఉండాలంటారు, మీకు అది ఇంటి ముందు పడింది. పడమర నడిమి నుంచి వాయవ్యం దాకా చాలామంది ఒప్పుకుంటారు, నైరుతిలో గుంత ఎవరూ ఒప్పుకోరు. నేను దక్షిణం కొస ఖాళీగా వదలమన్నది చెట్ల కోసమే అయినా ఈ లెక్కకీ సరిపోతుంది. తవ్వకముందే ఆయన్ని తీసుకెళ్లి ముగ్గు గీత చూపించండి. కట్టి, టైల్స్ వేసి, ఏడాది వాడాక ఎవరో ఏదో అన్నారని పూడ్చేసిన పూల్ ఒకటి నాకు తెలుసు.

పర్మిషన్ విషయంలో, పూల్ మీ శాంక్షన్ ప్లాన్‌లో ఉందో లేదో, సెట్‌బ్యాక్‌లోకి వస్తోందో లేదో ఆర్కిటెక్ట్‌ని అడగండి. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవోలో పేర్లున్న 84 గ్రామాల్లో మీది ఉంటే ఇంకా ముందే అడగండి. రెండో బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు కొటేషన్. బాత్రూమ్, కంచె, మట్టి ఎత్తిపోత, మొరం, బయటి నీళ్లు చూసే ఎనిమిదంగుళాల పైపు, రెండో డ్రెయిన్, ఎర్తింగ్ లేవు. ఇటుక గోడ, రెండు హెచ్‌పీ పంపు మార్చాలి. పూల్ సైజు సగం చేస్తే మిగిలే డబ్బుతో ఇవన్నీ చాలావరకు వచ్చేస్తాయి. చెల్లింపుల్లో ఒక షరతు రాయించండి: కాంక్రీటు క్యూరింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు నిండా నీళ్లు పెట్టి ఏడు రోజులు ఉంచాలి. మొదటి రెండు రోజులు కాంక్రీటు పీల్చుకుంటుంది, అది లెక్కలోకి రాదు. మూడో రోజు నుంచి మెట్టు మీద ఒక బకెట్ నీళ్లు పెట్టి, లోపలా బయటా గుర్తు పెట్టండి. బకెట్‌లో ఎంత తగ్గిందో పూల్‌లోనూ అంతే తగ్గితే ఎండ తాగినట్టు. పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకు. అది తేలేదాకా తర్వాతి డబ్బు ఇవ్వొద్దు.

ముందు రెండు పనులు చేయండి. పూల్ వచ్చేచోట ఆరేడు అడుగుల గుంత ఒకటి తవ్వించి, నల్లమట్టి ఎంతవరకుందో, రాయి ఎక్కడ మొదలైందో ఫోటో తీయండి. బోరు నీళ్ల రిపోర్టు తెప్పించండి. రెండూ ఇక్కడ పెడితే కమ్మీ, ఫిల్టర్ సంగతి అప్పుడు మాట్లాడదాం.